రుక్మిణికి ముప్పై రోజుల నోటీసు (పల్లె పాఠాలు – 17)

ఈ సోమవారం డిగ్రీ సెకండియర్ వాళ్లకి రుక్మిణీ కల్యాణం మొదలుపెట్టాను. పోతన భాగవతం, దశమ స్కంధం. కథ మీ అందరికీ తెలుసు. విదర్భ రాజు కూతురు రుక్మిణి. అన్న రుక్మి ఆమెను శిశుపాలుడికి ఇద్దామన్నాడు. పిల్లకి ఇష్టం లేదు. అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి చేత కృష్ణుడికి కబురు పంపింది. పెళ్లికి ముందు ఊరి బయట గౌరీదేవి గుడికొస్తాను, అక్కణ్ణుంచి తీసుకుపో అని. ఆయనొచ్చాడు. రథం ఎక్కించుకున్నాడు. వెళ్లిపోయాడు. వెంటపడి వచ్చిన అన్నని చంపబోతే, వద్దని రుక్మిణి వేడుకుంది. తలా మీసమూ గొరిగి వదిలేశాడు.

పాఠం సగంలో ఉండగా వెనక బెంచీలో ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, వాళ్లిద్దరూ రిజిస్టర్ మ్యారేజ్ చేసుకోవాలంటే ఎన్ని రోజులు పట్టుద్ది సార్?"

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. "ముప్పై రోజులమ్మా" అన్నాను.

"అయితే ఈలోపు శిశుపాలుడితో అయిపోద్దిగా సార్."

మళ్లీ నవ్వులు. బెల్లు కొట్టారు. ఆ పిల్ల సరదాకి అడిగిందో, అవసరపడి అడిగిందో నాకు తెలియదు. వారం రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. ఈ పదిహేడో భాగం వేరే విషయం మీద రాద్దామనుకున్నాను. దాన్ని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది. ఓపిగ్గా చదవండి.

మిత్రులారా, ముందు ఒక మాట సంగతి తేల్చుకుందాం. పెళ్లి కుదరడం ఆలస్యమైన ఆడపిల్లల చేత రుక్మిణీ కల్యాణం పారాయణం చేయించే ఇళ్లు మన తెలుగు నేల మీద వేలకు వేలు. మంచి మొగుడొస్తాడని నమ్మకం. ఆలోచించండి. ఇంట్లోవాళ్లు కుదిర్చిన సంబంధం కాదని, తనకి నచ్చినవాడికి కబురు పెట్టి, గుడి వంకతో బయటికొచ్చి, వాడి బండెక్కి వెళ్లిపోయిన పిల్ల కథ అది. దాన్ని బుద్ధిమంతురాలైన పిల్ల చేత చదివిస్తారు. శాస్త్రం ఆ రకం పెళ్లికి పేరు కూడా పెట్టింది, రాక్షస వివాహమని. క్షత్రియులకు చెల్లుతుందట. పెద్దింట్లో జరిగితే అది కల్యాణం. అదే పని మా పల్లె పిల్లాడితో జరిగితే దానికి భాషలో వేరే మాట ఉంది: లేచిపోవడం.

ఈ క్రియను గమనించారా? 'లేచిపోయింది' అంటాం, ఎక్కువగా ఆడపిల్ల గురించే అంటాం. మగపిల్లాడి విషయంలో 'తీసుకుపోయాడు', ఇంకాస్త కోపంగా 'ఎత్తుకుపోయాడు'. ఆమె తప్పు చేసింది, వాడు దొంగతనం చేశాడు. ఇద్దరు మేజర్లు కలిసి తీసుకున్న ఒక నిర్ణయానికి మన వాడుకలో మాట లేదు. మాట లేని చోట చట్టం ఒక కాగితం ఇస్తానంది. ఆ కాగితం గురించే ఈ రోజు మాట్లాడేది.

"ఈ గొడవలన్నీ ఎందుకండీ, హాయిగా రిజిస్టర్ మ్యారేజ్ చేసుకోవచ్చుగా?" అని నా సవర్ణ ప్రగతిశీల మిత్రులు తరచూ అంటుంటారు. మూడేళ్ల కిందటి దాకా నేనూ అదే అనేవాణ్ణి.

మూడేళ్ల కిందట ఒక సాయంత్రం ఇద్దరు మా ఇంటికొచ్చారు. మా కాలేజీలో చదివి వెళ్లినవాళ్లే. అబ్బాయికి ఇరవై నాలుగు, అమ్మాయికి ఇరవై రెండు. అబ్బాయి మా ఊరివాడు కాదుగానీ మావాడే. వాళ్లదీ మాదిగపల్లే. అమ్మాయి కులం చెప్పను. ఆ కులం పేరు చెప్తే మా ప్రాంతంలో ముందు ఎమ్మెల్యే పేరు గుర్తొస్తుంది, ఆ మాత్రం తెలిస్తే చాలు. ఎక్కడో దూరంగా ఒక గుళ్లో తాళి కట్టి, ఆ ఫొటోలు పట్టుకుని రిజిస్ట్రేషన్ చేయించుకుందామని వాళ్ల ఆలోచన. సాక్షి సంతకానికి నన్ను రమ్మన్నారు.

నాకు కోపమొచ్చింది. సంతకం అడిగినందుకు కాదు, గుడి అన్నందుకు. "మీ తాతని గుమ్మం తొక్కనివ్వని గుళ్లో నీకు తాళేంట్రా?" అన్నాను. పంతులెందుకు, మంత్రాలెందుకు అన్నాను. బాబాసాహెబ్ గురించి చెప్పాను. 1948 ఏప్రిల్ 15న ఢిల్లీలో, దేశానికి న్యాయశాఖ మంత్రిగా ఉంటూ, ఒక సారస్వత బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన డాక్టరుని ఆయన సివిల్ మ్యారేజ్ చేసుకున్నారు. పురోహితుడు లేడు, హోమం లేదు. "ఆయన బిడ్డలం మనం, అలాగే చేసుకోండి" అన్నాను. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ ఉందిగా అన్నాను.

అబ్బాయి కళ్లలో వెలుగొచ్చింది. అమ్మాయి మాత్రం ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"మరి ఈ ముప్పై రోజులూ మేం ఎక్కడుండాలి సార్?"

"ఎవరింట్లో వాళ్లుండండమ్మా. ఎవరికీ తెలియదులే" అన్నాను.

నేను తెలుగులో డాక్టరేట్ చేశాను. ఒక పద్యాన్ని పదిసార్లు చదవందే వ్యాఖ్యానం చెయ్యకూడదని పిల్లలకి చెప్తాను. ఆ చట్టాన్ని ఒక్కసారి కూడా చదవకుండా ఇద్దరి ప్రాణాల మీద వ్యాఖ్యానం చేశాను.

ఇప్పుడు చదివాను. మీకూ చెప్తాను.

1954 ప్రత్యేక వివాహ చట్టంలో పెళ్లికి నాలుగో సెక్షన్ పెట్టిన షరతులు తక్కువే. ఇద్దరిలో ఎవరికీ బతికున్న భార్యో భర్తో ఉండకూడదు. సమ్మతి తెలపగల మానసిక స్థితి ఉండాలి. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. నిషిద్ధ బంధుత్వం ఉండకూడదు. కులం షరతు లేదు, మతం షరతు లేదు, అమ్మానాన్నల సంతకం షరతు లేదు. చదువుతుంటే కళ్లు చెమరుస్తాయి. ఇంత మంచి సెక్షన్ మన దేశంలోనే ఉందా అనిపిస్తుంది.

తర్వాతి సెక్షన్‌కి రండి. ఇద్దరిలో ఒకరు కనీసం ముప్పై రోజులుగా నివాసం ఉన్న జిల్లాలో మ్యారేజ్ ఆఫీసరుకి నోటీసివ్వాలి. మన దగ్గర ఆ ఆఫీసరు సబ్ రిజిస్ట్రారు. ఆరో సెక్షన్: ఆ నోటీసుని ఆయన ఒక పుస్తకంలో ఎక్కించాలి. ఆ పుస్తకాన్ని ఎవరైనా, పైసా కట్టకుండా చూడొచ్చు. నోటీసు ప్రతిని ఆఫీసులో అందరికీ కనపడే చోట అంటించాలి. ఇద్దరిలో ఎవరైనా ఆ జిల్లాలో స్థిరంగా ఉండేవాళ్లు కాకపోతే, వాళ్ల సొంత జిల్లా ఆఫీసుకి ఒక ప్రతి పంపాలి, అక్కడా అంటించాలి. అంటే పారిపోయి హైదరాబాద్ వచ్చి నోటీసిచ్చినా, ఆ కాగితం మీకంటే ముందు మీ ఊరికి చేరుతుంది. ఏడో సెక్షన్: ముప్పై రోజుల్లోపు ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. 'ఎవరైనా' అన్న మాటను మళ్లీ చదవండి. బాబాయి, కులపెద్ద, రోడ్డున పోయేవాడు, ఎవరైనా. ఎనిమిదో సెక్షన్: అభ్యంతరం వస్తే విచారణకు ఇంకో ముప్పై రోజులు. అభ్యంతరం నాలుగో సెక్షన్ షరతుల మీదే ఉండాలి నిజమే. మరి ఉత్తుత్తి అభ్యంతరం పెట్టి అడ్డుకున్నవాడికి ఏం చేస్తారు? ఖర్చుల కింద వెయ్యి రూపాయల దాకా కట్టించొచ్చు. సంక్రాంతికి మా ఊళ్లో ఒక్క కోడి మీద కాసే పందెం అంతకంటే ఎక్కువ.

మన దొరలు తెల్లదొరల కంటే ఎంత ఉదారులో కూడా చూడండి. 1872లో బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన పాత చట్టంలో నోటీసు గడువు పద్నాలుగు రోజులు. స్వతంత్ర భారతం దాన్ని ముప్పై చేసింది. హిందూ కోడ్ బిల్లు కోసం పోరాడి, సాగనివ్వకపోతే 1951లో మంత్రిపదవి వదిలేసి వచ్చిన మనిషి బయట ఉన్నాడు. చట్టం లోపలివాళ్లు రాసుకున్నారు.

ఇక మా పిల్లల సంగతి. నోటీసిచ్చిన ఆరో రోజున దాని ఫొటో వాళ్ల మండలం వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. ఎవరు తీశారో వెతకలేదు. వెతికి మాత్రం ఏం చేస్తాం, అందరికీ కనపడే చోట అంటించమన్నది చట్టమే. ఏడో రోజు నుంచి అమ్మాయి ఫోను పనిచెయ్యలేదు. తొమ్మిదో రోజు అబ్బాయి వాళ్ల నాన్నని పిలిపించారు. ఆయన ఎకరంన్నర కౌలుకి చేస్తున్నాడు. ఆ పొలం అమ్మాయి వాళ్ల దగ్గరి బంధువులది. కొట్టలేదు, తిట్టలేదు. "వచ్చే ఏడు నువ్వు వేరే పని చూసుకో" అన్నారు. ఇరవై మూడో రోజున వేరే జిల్లాలో అమ్మాయికి మేనత్త కొడుకుతో పెళ్లయిపోయింది.

ఆ పెళ్లికి నోటీసు లేదు. బోర్డు లేదు. ఆమె ఇష్టపడిందా అని ఏ ఆఫీసరూ అడగలేదు.

ముప్పయ్యో రోజున నేను ఆ ఆఫీసుకెళ్లాను. ఎందుకెళ్లానో నాకే తెలియదు. నోటీసు అలాగే ఉంది, ఒక మూల పిన్ను ఊడి వేలాడుతూ. అభ్యంతరాలేమీ రాలేదని క్లర్కు చెప్పాడు. పార్టీలు వస్తే పెళ్లి చేసేస్తామన్నాడు.

హైకోర్టులో హెబియస్ కార్పస్ వేద్దామని అబ్బాయి వాళ్లింటికి వెళ్లి చెప్పాను. వాళ్ల నాన్న నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మేం ఈ ఊళ్లోనే బతకాలయ్యా" అన్నాడు. తర్వాత, కోపం లేకుండా, మామూలుగా అన్నాడు: "నువ్వు చదువుకున్నోడివి. నువ్వు చెప్పావనే గదయ్యా మావోడు ఆగింది."

మూడేళ్లుగా ఆ మాట మోస్తున్నాను. కృష్ణుడు ముప్పై రోజులు ఆగలేదు. నేను ఆపాను.

ఇక రెండో దారి గురించి.

పోయినేడు ఇంకో జంట వచ్చింది. ఈసారి నేను సిద్ధాంతం చెప్పలేదు. వాళ్లని తీసుకుని వేరే పట్నంలో ఒక ఆర్యసమాజ మందిరానికి వెళ్లాను. హోమగుండం ముందు కూర్చోబెట్టారు. "గోత్రం?" అని అడిగాడు పురోహితుడు. పిల్లాడు నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను. ఆయనే ఏదో ఒక ఋషి పేరు చెప్పి కానిచ్చేశాడు. మా తాతలు తోళ్లు ఊనినవాళ్లు, చెప్పులు కుట్టినవాళ్లు. ఆ పూట రెండు నిమిషాలకి ఒక ఋషి సంతానమయ్యాం. అబ్బాయి వాళ్లమ్మ తెల్లచీర కట్టుకుని వెనక కూర్చుని, కళ్లు మూసుకుని, యేసయ్యని తలుచుకుంటోంది. ఏడడుగులు వేశారు. మర్నాడు హిందూ వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నమోదు. టెన్త్ మెమోలు, ఆధార్లు, పెళ్లి ఫొటో, మందిరం వాళ్లిచ్చిన కాగితం, ముగ్గురు సాక్షులు. రెండో సాక్షి సంతకం నాది. మధ్యాహ్నానికల్లా అయిపోయింది. ఆ ఇద్దరూ ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నారు. బాగున్నారు.

దీన్నిబట్టి మీకేం అర్థమైంది? అంబేడ్కర్ దారిలో వెళ్లిన పిల్ల పోయింది. హోమం దారిలో వెళ్లిన పిల్లలు బతికారు. అంబేడ్కరిస్టునని చెప్పుకునే నేను ఆ మంట పక్కన నిలబడి చేతులు జోడించాను. మళ్లీ అవసరమైతే మళ్లీ నిలబడతాను. ప్రాణం కంటే నా సిద్ధాంతం పెద్దది కాదు. నన్ను ఆ స్థితిలోకి నెట్టిన చట్టం మీద మాత్రం నాకు గొంతు దాకా కోపం ఉంది. హిందూ పద్ధతికి తలొగ్గితే ఒక్క పూటలో గుట్టుగా పని అయిపోతుంది. నాకు ఏ మతం తంతూ వద్దు, మనిషిగా పెళ్లి చేసుకుంటానంటే ముప్పై రోజులు బోర్డు మీద వేలాడాలి. లౌకిక రాజ్యంలో లౌకికంగా పెళ్లి చేసుకోవడమే ప్రమాదకరమైన పని.

పోనీ ఆ మంట దారైనా గట్టిదా? 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం తంతు జరక్కపోతే, చేతిలో సర్టిఫికెట్ ఉన్నా అది హిందూ వివాహం కాదంది. అంటే కాగితం చాలదు, కర్మకాండ కావాలి. ఇద్దరిలో ఎవరి ఆచారం ప్రకారం చేసుకున్నా చెల్లుతుంది కదా అని ఒక లాయర్ మిత్రుడన్నాడు. చెల్లుతుంది. మాదిగ ఆచారమూ చెల్లుతుంది. కానీ మా ఆచారం ఇదీ అని కోర్టులో రుజువు చేసుకోవాల్సింది మేమే. ఏడడుగులకి రుజువు ఎవరూ అడగరు.

మా ఇళ్లలో ఇంకో ముడి ఉంది. ఆ తెల్లచీర తల్లిని గుర్తు చేసుకోండి. కోస్తా పల్లెల్లో ఆదివారం చర్చికి వెళ్లే ఎందరి కాగితాల మీదో 'హిందూ' అని ఉంటుంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా అలా రాయించింది. చర్చిలో పెళ్లి చేసుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ మెడ మీద కత్తి. ఆ సర్టిఫికెట్ పోతే ఉద్యోగమే కాదు, అట్రాసిటీ చట్టం రక్షణా పోతుంది. క్రైస్తవంలోకి మారినవాళ్లకి ఆ చట్టం వర్తించదని 2025లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే చెప్పింది. కాబట్టి కులాంతర పెళ్లి చేసుకునే మా పిల్లాడికి ఆ రక్షణే అందరికంటే ఎక్కువ అవసరమైన రోజున, పెళ్లి కాగితంలో మతం గడే వాడి మీద బోను.

అన్నిటికంటే పెద్ద ఎగతాళి చెప్తాను. 2013లో కేంద్రం ఒక పథకం పెట్టింది. దళితుల్ని కులాంతరం చేసుకున్న జంటకి రెండున్నర లక్షల ప్రోత్సాహం. పేరు డాక్టర్ అంబేడ్కర్‌ది. నిబంధనల్లో ఏముంది? పెళ్లి హిందూ వివాహ చట్టం కింద నమోదై ఉండాలి. వేరే చట్టం కింద చేసుకుంటే దానికి విడిగా ఇంకో సర్టిఫికెట్ తేవాలి. హిందువుగా చావనని చెప్పి, చెప్పినట్టే చేసిన మనిషి పేరు మీద, హిందువుగా పెళ్లి చేసుకుంటే డబ్బు!

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. వస్తుందని నాకు తెలుసు, గత భాగాలకీ వచ్చింది. "నోటీసు లేకపోతే మోసగాళ్లు రెండో పెళ్లిళ్లు చేసుకోరా? ఆడపిల్లలు మోసపోరా?"

అయ్యా, మీ అమ్మాయికి మీరు కుదిర్చిన పెళ్లికొడుకు వివరాలు ముప్పై రోజులు ఏ బోర్డు మీద పెట్టారు? అమెరికా నుంచి పదిరోజుల సెలవు మీద వచ్చి, కట్నం పుచ్చుకుని, తాళి కట్టి వెళ్లినవాడికి అక్కడ ఇంకో కాపురం లేదని ఏ ఆఫీసరు విచారించాడు? రెండో పెళ్లి నేరమే, దానికి శిక్ష చట్టంలో ఉంది, అన్ని పెళ్లిళ్లకూ అదే శిక్ష. మరి నోటీసు మాత్రం కొన్ని పెళ్లిళ్లకే ఎందుకు? కులం లోపల పెళ్లి మీద మీకు అనుమానం లేదు. కులం దాటిన పెళ్లి మీదే అనుమానం. ఆ అనుమానానికి చట్టం వేసిన బొట్టే ఈ నోటీసు.

కోర్టులకి ఇది తెలియదా? తెలుసు. మేజర్లు ఇష్టపడి పెళ్లి చేసుకుంటే తల్లిదండ్రులు తెగతెంపులు చేసుకోవచ్చు గానీ బెదిరించడానికి, వేధించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2006లో లతాసింగ్ కేసులో చెప్పింది. 2018 మార్చిలో శక్తివాహిని కేసులో ఇంకా గట్టిగా చెప్పింది: ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్ ఉండాలి, ఇరవై నాలుగ్గంటల హెల్ప్‌లైన్ ఉండాలి, ప్రమాదంలో ఉన్న జంటలకి సురక్షిత గృహాలు చూడాలి. 2020లో కేరళ ఈ నోటీసుల్ని వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసింది. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు, జంట కోరితేనే నోటీసు ప్రచురించాలంది. 2022లో ఈ సెక్షన్లనే సవాలు చేస్తూ ఒకామె సుప్రీంకోర్టుకెళ్తే, మీకు ఆ చట్టం కింద పెళ్లయిపోయింది కాబట్టి మీరిప్పుడు బాధితులు కారని పిటిషన్ కొట్టేశారు. మరి నిజమైన బాధితులు ఢిల్లీ దాకా ఎలా వస్తారు? మా అమ్మాయి ఇరవై మూడో రోజునే ఇంకొకరి భార్య అయిపోయింది కదా.

శక్తివాహిని తీర్పు వచ్చి ఆరు నెలలైనా తిరక్కుండానే మిర్యాలగూడ జరిగింది. 2018 సెప్టెంబరు 14. ఆ అబ్బాయి పేరు నేను చెప్పక్కర్లేదు. ఆసుపత్రి బయట, గర్భిణి భార్య కళ్ల ముందు. వాళ్లూ మంట చుట్టూ తిరిగి, కాగితం తీసుకున్నవాళ్లే. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆరున్నరేళ్లు. భాగవతంలో పెళ్లికూతురు వేడుకుంటే వెంటపడ్డ అన్న ప్రాణాలతో బయటపడ్డాడు. మా కాలంలో పెళ్లికూతురి కేక ఎవరికీ వినపడదు.

సరే, ఏం చెయ్యాలి? ఏడవడానికి రాయలేదు ఇది.

ఒకటి. పార్లమెంటు ఆ నోటీసు సెక్షన్లను ఎత్తెయ్యాలి. గుర్తింపు, వయసు చూసుకోవడానికి ఆఫీసరుకి ఒక పూట చాలు.

రెండోది పక్క రాష్ట్రం ఎప్పుడో చేసి చూపించింది. 1967లో అన్నాదురై ప్రభుత్వం హిందూ వివాహ చట్టంలో తమిళనాడు వరకు 7-ఏ అని ఒక సెక్షన్ చేర్చింది. అయినవాళ్లో, స్నేహితులో, ఇంకెవరో సాక్షులుగా ఉంటే చాలు. నిన్ను భార్యగా, నిన్ను భర్తగా స్వీకరిస్తున్నానని తమకి తెలిసిన భాషలో చెప్పుకోవాలి. దండ వేసుకున్నా, ఉంగరం తొడుక్కున్నా, తాళి కట్టినా సరే. పురోహితుడు అక్కర్లేదు, హోమం అక్కర్లేదు, గోత్రం అసలే అక్కర్లేదు. ఆత్మగౌరవ వివాహం. పదిమందికీ చాటాల్సిన పని కూడా లేదని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. పెళ్లి ఉమ్మడి జాబితాలోని అంశం. తమిళనాడు చేసింది అమరావతీ హైదరాబాదూ ఎందుకు చెయ్యలేవు?

మనకి ఆ చరిత్ర లేదా? ఉంది. త్రిపురనేని రామస్వామి పెళ్లితంతును తెలుగులో రాసి 'వివాహవిధి' అని అచ్చేయించాడు, పురోహితుడు లేని పెళ్లిళ్లు చేయించాడు. జాషువా కూతురు హేమలత, గోరా కొడుకు లవణం 1960లో పెళ్లి చేసుకున్నారు. ఇవి నేను క్లాసులో చెప్పే పాఠాలే. కానీ తమిళుల దగ్గర అది చట్టమైంది, మన దగ్గర అది వర్ధంతి ఉపన్యాసమైంది. త్రిపురనేని వారసులమని చెప్పుకునేవాళ్లు ఈ రెండు రాష్ట్రాల్లో ఎన్నిసార్లు గద్దెనెక్కారో లెక్కేసుకోండి. బ్రాహ్మణ్ణి పీటల దగ్గర నుంచి లేపారు. ఆ పీట మీద కులాన్ని కూర్చోబెట్టారు.

మూడు. జిల్లా ప్రత్యేక సెల్ ఫోను నంబరు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు గోడ మీద పెద్దక్షరాలతో రాయించాలి. నోటీసు అంటించడానికి గోడ దొరికిందిగా, దానికీ దొరుకుతుంది.

నాలుగోది మన గురించి. మన నాయకుల గురించి. శవం లేచిన రోజున పల్లెలోకి వచ్చే కార్లు, సాక్షి సంతకం కావాల్సిన రోజున రావు. నాతో సహా చెప్తున్నాను, మొదటి జంటకి నేనిచ్చింది ఉపన్యాసం, రెండో జంటకిచ్చింది సంతకం. పనికొచ్చింది సంతకమే. నన్నయ శకుంతలకి సాక్షి లేకపోతే ఆకాశవాణి పలకాల్సొచ్చింది. మన పిల్లలకి ఆకాశవాణి పలకదు. ముగ్గురు మనుషులు కావాలి. ఆధార్ కార్డు పట్టుకుని, పని మానుకుని, రేపు ఎవడడిగినా "అవును, నేనే సంతకం పెట్టాను" అనగలిగే ముగ్గురు. ప్రతి మండలంలో అలాంటి ముగ్గురిని తయారుచేద్దాం. మా మండలంలో ఒకణ్ణి నేను.

చివరగా పిల్లలకి. ఇది చదివే మీలో ఎవరో ఒకరికి అవసరముంటుంది.

అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండేదాకా కదలొద్దు. ఒక్కరోజు తక్కువైనా కుదరదు. అమ్మాయికి 18 నిండకపోతే పోక్సో, కిడ్నాప్ కేసులు, జైలు. ప్రేమ అక్కడ సాక్ష్యం కాదు. టెన్త్ మెమో ఒరిజినల్, ఆధార్ ముందే మీ చేతిలో ఉండాలి. రేపు అవి బీరువాలో తాళం పడతాయి. ఏ చట్టం కింద చేసుకుంటారో పెళ్లికి ముందే ఒక లాయరుతో మాట్లాడి తేల్చుకోండి. వేర్వేరు మతాలైతే హోమం దారి అంత తేలిక కాదు. ఎస్పీకి, కలెక్టరుకి శక్తివాహిని తీర్పు పేరు రాసి రక్షణ కోరుతూ ముందే అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. ఇంట్లోవాళ్లు మిస్సింగ్ కేసో కిడ్నాప్ కేసో పెడితే దాక్కోవద్దు, లాయరుని తీసుకెళ్లండి. మేజరైన అమ్మాయి, నా ఇష్టంతోనే వచ్చానని మేజిస్ట్రేట్ ముందు చెప్పే మాటే మీ కవచం. నోటీసు దారిలో వెళ్లేటట్టయితే, "ఈ ముప్పై రోజులూ మేం ఎక్కడుండాలి" అన్న ప్రశ్నకి జవాబు దొరక్కుండా నోటీసివ్వొద్దు. మాస్టారు ఎంత గట్టిగా చెప్పినా ఇవ్వొద్దు.

రేపు సోమవారం మళ్లీ అదే క్లాసు. రుక్మిణి గుడికి బయలుదేరిన చోట పాఠం ఆగింది. వెనక బెంచీలో ఆ అమ్మాయి ఉంటుంది. బెల్లు కొట్టాక ఒక్క నిమిషం ఆగమని చెప్తాను. ఏమీ అడగను. నా ఫోను నంబరు బోర్డు మీద రాసి వస్తాను.

జై భీమ్.

(పదిహేడో భాగానికని అనుకున్నది, మా పల్లె బడికి పేరెలా వచ్చిందన్న కథ, వచ్చే ఆదివారం.)